డ్రైవరు చెప్పే దూరం

ఇటలీలో పాదోవా నుంచి తమ దేశంలోని కిషినౌకి గాలిలో పోతే పదమూడు వందల కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. నేల మీద పోతే పదిహేడు వందల పైచిలుకు. ఒక పగలూ, ఒక రాత్రీ, మళ్ళీ ఒక పగలూ. ఈ సంగతి ట్రోఫిమ్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు, అయినా చెబుతూనే ఉంటారు. విమానాల టిక్కెట్లు చవకైన దగ్గర్నుంచీ ఆదివారం పూట అతని మినీబస్సు దగ్గరికి వచ్చే ప్రతి ఆడమనిషీ పార్సిలు చేతికిచ్చి, "రెండు గంటలే తెలుసా ట్రోఫిమ్ అన్నా, కళ్ళు మూసి తెరిచేలోగా ఇంటి దగ్గరుంటాం," అని ఓ మాట అనేసి పోతుంది. వాళ్ళు ఆకాశంలో పోతారు, వాళ్ళ నూనె డబ్బాలూ, కాఫీ పొట్లాలూ, సబ్బు పొడి సంచులూ మాత్రం ట్రోఫిమ్ వీపు మీద పోతాయి. ఇరవై ఏళ్ళుగా ఆ స్టీరింగు పట్టుకుని పట్టుకుని అతని నడుము హూనమైపోయింది. సంతోషమో దుఃఖమో తెలియని ఒక అలసట అతని ఒంట్లో ఇంకిపోయి, నిద్రపోయినా వదలడం మానేసింది.

ఆ ఆదివారం పార్కింగు స్థలమంతా పొగమంచు. పక్క బండి కూడా కనిపించడం లేదు. ఆ మంచులోంచి చిన్న చక్రాల పెట్టె లాక్కుంటూ అగాఫియా వచ్చింది. ఒకప్పుడు ప్రతి ఈస్టరుకీ అతని బండిలోనే వచ్చేది. నాలుగేళ్ళుగా మొహం చూపించలేదు.

"ఏంటి అగాఫియా, రెక్కలు విరిగాయా? ఇన్నాళ్ళకి మా డొక్కు బండి గుర్తొచ్చిందే!" అన్నాడు ట్రోఫిమ్. అనేశాక ఆమె మొహం చూశాడు. నాలుక కరుచుకున్నాడు.

"అమ్మ పోయేట్టుంది అన్నా," అంది అగాఫియా. "నిన్న పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్ళాను. ఈ మంచుకి ఒక్కటీ ఎగరలేదు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఇంటికి పొమ్మన్నారు. బుధవారం దాకా సీటు లేదంట."

"ఎవరున్నారు ఆవిడ దగ్గర?"

"పక్కింటి జినైదా. మా తమ్ముడు పోయాక నేనొక్కదాన్నే కదా. కొవ్వొత్తి నా చేత్తో పట్టుకోవాలన్నా. వేరేవాళ్ళ చేత్తో పంపించలేను."

ట్రోఫిమ్ ఇంకేం అడగలేదు. వాళ్ళ దేశంలో ఎవరికైనా అంతే. ప్రాణం పోయేవేళ చేతిలో వెలిగే కొవ్వొత్తి లేకపోతే ఆ పోయినవాళ్ళు అవతల చీకట్లో తడుముకుంటూ నడవాలి. ఆ కొవ్వొత్తిని కన్నబిడ్డ పట్టుకుంటే ఇక చెప్పేదేముంది. "ముందు సీట్లో కూర్చో," అని ఆమె పెట్టె తీసుకుని వెనక సర్దాడు.

జత డ్రైవరు సావాతో కలిపి బండిలో ఏడుగురు. మిగతా సీట్లన్నీ పార్సిళ్ళే. మంచులోంచి మెల్లగా బయటపడి స్లొవేనియాలో అడుగు పెట్టేసరికే పొద్దు వాలింది. అప్పుడు అగాఫియా ఫోను మోగింది. జినైదా. ముసలామెకి తెలివి ఉంది, ఒంట్లో మాత్రం సత్తువే లేదట. డ్రైవరుతో మాట్లాడతానని ఒకటే గొడవ చేస్తోందట. కూతురితో కాదు, డ్రైవరుతో!

"స్పీకర్లో పెట్టు," అన్నాడు ట్రోఫిమ్. "పరస్కీవా అవ్వా! బాగున్నావా?"

"చస్తున్నాను నాయనా, బాగుండటమేంటి," అంది ముసలి గొంతు. సన్నగా ఉన్నా మాట మాత్రం పదునుగానే ఉంది. "ఎక్కడిదాకా వచ్చారు?"

"బుడాపెస్టు దాటేశాం అవ్వా. ఇదిగో, వచ్చేస్తున్నాం."

అవతల చిన్నగా నవ్వినట్టు వినిపించింది. "సరే నాయనా. మెల్లగానే రండి," అని ఆమె ఫోను జినైదాకి ఇచ్చేసింది.

అగాఫియా ఫోను ఒళ్ళో పెట్టుకుని అతని వంక తిరిగింది. కిటికీలోంచి ల్యుబ్ల్యానా ఊరి పేరున్న బోర్డు వెనక్కి పోయింది. ఆమె ఆ బోర్డు చూసింది, అతన్నీ చూసింది.

"బుడాపెస్టా? ఎన్ని గంటల దూరం ఉందన్నా ఇంకా బుడాపెస్టు?"

"అందరం అలాగే చెప్తాం అగాఫియా. అలవాటు. నిజం చెబితే వాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది, మనల్ని తిడతారు. ఒక ఊరు ముందుకు చెప్తే ఎవడి సొమ్మేం పోయింది?"

"చావు మంచం మీదున్న మనిషితోనా అబద్ధాలు?" ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రుల నుంచి కునుకు లేదు. "మా అమ్మకి ఇంక అబద్ధాలు చెప్పొద్దు. ఎక్కడుంటే అక్కడే చెప్పాలి. నా మీద ఒట్టు."

ఇరవై ఏళ్ళలో ట్రోఫిమ్‌ని ఇలా ఎవరూ అడగలేదు. కిషినౌ దారిలో తిరిగే డ్రైవర్లలో ఉన్న ఊరు ఉన్నట్టు చెప్పినవాడు ఒక్కడూ లేడు. అది వాళ్ళకి అబద్ధంగా కూడా తోచదు, హారను కొట్టినంత మామూలు. అయినా ఆమెని చూస్తే కాదనడానికి అతనికి ఓపిక లేకపోయింది.

"సరే, ఒట్టు," అన్నాడు.

రాత్రంతా సావా నడిపాడు. తెల్లారేసరికి క్లుజ్ దాటి కొండల్లో పడ్డారు. స్టీరింగు మళ్ళీ ట్రోఫిమ్ చేతికొచ్చింది. పైన మంచు. దారి శుభ్రం చేసే బండి వెనకాలే పాక్కుంటూ పోవాలి, దాన్ని దాటిపోదామనుకున్నవాళ్ళు అక్కడక్కడా కాలవల్లో కూరుకుని కనిపిస్తున్నారు. అగాఫియా జున్ను పెట్టిన రొట్టె ముక్క చేతిలో పట్టుకుని తినకుండానే మూడు వంతుల దారి కూర్చుంది. పైన ఎక్కడో విమానం పోతున్న చప్పుడు వినపడితే తలెత్తి చూసింది.

"ఇవాళ ఎగురుతున్నాయి చూడు," అంది.

"ఎగరనీ. దానికి కొండలు లేవు, మంచు లేదు, చెక్‌పోస్టు లేదు. దానిదేం బతుకు," అన్నాడు ట్రోఫిమ్. ఆమెకి నవ్వు రాలేదు. అతనికీ రాలేదు.

మధ్యాహ్నానికి కొండలు దిగి రోమన్ ఊరి బయట పెట్రోలు బంకులో ఆగారు. మంచి దారే దొరికింది. చీకటి పడకముందే ఇంటికి చేర్చేయొచ్చు. ట్రోఫిమ్ నడుము మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. అప్పుడే జినైదా నుంచి ఫోను.

"తొందరగా రండి తల్లీ. పొద్దున్నుంచీ బాగా నీరసించిపోయింది. ఎక్కడిదాకా వచ్చారో అడగమంటోంది, అదొక్కటే మాట."

అగాఫియా ఫోను స్పీకర్లో పెట్టి ట్రోఫిమ్‌కి అందించి, "నిజమే చెప్పు," అంది.

"అవ్వా, రోమన్‌లో ఉన్నాం," అన్నాడు ట్రోఫిమ్. చెప్పడానికి నోరు తిరగలేదు. కొత్త బూటు కాలికి కరిచినట్టుంది అతనికి ఆ మాట.

అవతల చాలాసేపు ఊపిరి ఆడుతున్న చప్పుడొక్కటే. తర్వాత ముసలామె తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "రోమనా... అంటే ఇంకా క్లుజ్ దగ్గరే. కొండ ఎక్కనేలేదు. పైన మంచు కూడా ఉందట. రేపు గాని రాలేరు." మళ్ళీ ఊపిరి. "అంతసేపు నావల్ల కాదే జినైదా. ఇంక ఓపిక లేదు. వెలిగించెయ్. నువ్వే పట్టుకో."

అగాఫియాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను లాక్కుని అరిచింది. "అమ్మా! క్లుజ్ కాదమ్మా, రోమన్! కొండలు దిగేశాం! నిజంగా రోమన్‌లోనే ఉన్నాం, నా మాట వినమ్మా!"

"నీ మాటా," అంది పరస్కీవా. కోపం కాదది, నీరసం. "పదిహేనేళ్ళ నుంచి అక్కడి పని మానేసి వచ్చే ఏడు వచ్చేస్తా, వచ్చే ఏడు వచ్చేస్తా అంటున్నావు. నీకంటే డ్రైవర్లే నయం తల్లీ. వాళ్ళు ఒక్క ఊరే ముందుకు చెప్తారు."

అగాఫియా బంకు గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చుండిపోయింది.

జినైదా ఏడుస్తూ చెప్పుకుపోతోంది. నెలనెలా పార్సిలు వచ్చే రోజున పరస్కీవా పెద్ద రోడ్డు దాకా నడుచుకుంటూ పోయేదట. డ్రైవరు చెప్పిన మాట నమ్మి మొదట్లో ఎన్నిసార్లు చలిలో గడ్డకట్టుకుపోయిందో! తర్వాత లెక్క పట్టేసింది. డ్రైవరు ఏ ఊరంటే దానికి ఒక మజిలీ వెనక ఉన్నట్టు. ఆ లెక్కన బయల్దేరితే ఆమె రోడ్డెక్కడమూ బండి రావడమూ ఒకటేసారి. ఊళ్ళో మిగతావాళ్ళు కూడా డ్రైవర్లని అడగడం మానేసి ఆమెనే అడిగేవాళ్ళట. "ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదమ్మా. ఇప్పుడేం చెప్పినా వినదు. అగ్గిపెట్టె తెమ్మంటోంది, తీసుకొచ్చాను. వెలిగిస్తున్నాను, క్షమించు," అంటోంది.

ట్రోఫిమ్ తనని తనే తిట్టుకున్నాడు. ఇన్నేళ్ళు అబద్ధాలు చెబితే ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్కరోజు నిజం చెప్పినందుకు ఒక ముసలిది కూతురి చెయ్యి లేకుండా పోతోంది. ఛీ, ఏం బతుకు ఇది!

"అన్నా," అంది అగాఫియా కింద నుంచి. తలెత్తలేదు. "అబద్ధం చెప్పు. ఎప్పుడూ చెప్పేట్టే చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అతను ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఎన్నో వేలసార్లు నోటికొచ్చిన ఊరు చెప్పినవాడికి ఇప్పుడు ఊరు వెతుక్కోవాల్సొచ్చింది. రోమన్ తర్వాత మజిలీ ఏది? మధ్యలో హుషి ఉంది, కానీ హుషిలో ఏ బండీ ఆగదు, అక్కడున్నామని ఏ డ్రైవరూ చెప్పడు. ముసలిది అది పట్టేస్తుంది. రోమన్‌లో ఉన్న డ్రైవరు చెప్పే చోటు ఒక్కటే. సరిహద్దులో ప్రూత్ నది మీద వంతెన.

గొంతు సవరించుకుని, ఎప్పటిలా కాస్త విసుగు కలిపి మొదలుపెట్టాడు. "అవ్వా! ఏంటి నీ గోల? నీ కూతురికి ఊళ్ళ పేర్లేం తెలుసు, దారంతా నిద్రపోయింది. నాక్కూడా నిద్రమత్తులో నోరు జారింది. వంతెన మీదున్నాం. పాస్‌పోర్టులు తీసుకున్నారు, ముద్ర వెయ్యడమే ఆలస్యం. ఇదిగో, వచ్చేస్తున్నాం."

అగాఫియా రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

"వంతెనంటున్నావా," అంది పరస్కీవా చివరికి.

"వంతెనే అవ్వా. నా పిల్లల మీద ఒట్టు."

"నీ పిల్లల్ని ఎందుకురా మధ్యలో లాగుతావు." ఊపిరి పీల్చుకుంది. "వంతెనంటే రోమన్. దిగేశారన్నమాట కొండలు. పొద్దుగూకేలోపు వస్తారు." ఆ తర్వాత గొంతు పక్కకి తిరిగింది. "ఆర్పెయ్ జినైదా. ఉత్తినే కరిగిపోతోంది, మఠం నుంచి తెచ్చుకున్న కొవ్వొత్తి."

ట్రోఫిమ్ ఫోను అగాఫియా ఒళ్ళో పడేసి బండి వైపు పరుగెత్తాడు. నడుము నొప్పి గుర్తుకు రాలేదు. పడుకుని ఉన్న సావాని కాలితో తట్టి లేపి, "దారిలో పార్సిళ్ళేవీ దించం. నేరుగా లుంకా, అవ్వ ఊరికే. ఫోన్లు నువ్వెత్తు, ఎవరడిగినా నీకు తోచిన ఊరు చెప్పు," అన్నాడు.

హుషి దాటేదాకా ఎక్కడా ఆగలేదు. కానీ వంతెన దగ్గర కార్ల వరస అర కిలోమీటరు ఉంది. సెలవులు ముగిసి తిరిగిపోయేవాళ్ళు, సరుకులు తెచ్చుకునేవాళ్ళు, ఎవరి బండిలో వాళ్ళు ఇంజన్లు ఆపి దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆ వరసలో ఇరవై ఏళ్ళలో ట్రోఫిమ్ ఒక్కసారి కూడా ముందుకు దూరలేదు. దూరేవాళ్ళని చూస్తే అతనికి కడుపు మండేది, దిగి మరీ తిట్టేవాడు. ఇప్పుడు తనే టోపీ తీసి చేత్తో పట్టుకుని మొదటి కారు అద్దం తట్టాడు.

"అయ్యా, దారిస్తావా? కొవ్వొత్తికి పోతున్నాం."

కారులో మనిషి ఇంకేం అడగలేదు. స్టీరింగు తిప్పి పక్కకి తీశాడు. రెండో కారూ అంతే. మూడో కారులో గొర్రె టోపీ పెట్టుకున్న బండమనిషి ఒకడు అద్దం దించకుండానే, "ఏరా, నీకేనా ఇల్లూ వాకిలీ ఉన్నది? మేమేమైనా షికారుకొచ్చామా ఇక్కడికి?" అని లంకించుకున్నాడు.

"కొవ్వొత్తికి," అన్నాడు ట్రోఫిమ్.

"ఎవరికి?"

"ఈవిడ తల్లికి."

ఆ బండమనిషి వెనకాల మినీబస్సులో కూర్చున్న అగాఫియాని చూశాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు. తన కారు తియ్యడమే కాదు, దిగి ముందున్న కార్లన్నిటి దగ్గరికీ తనే పరుగెత్తుకుంటూ పోయాడు, అద్దాలు బాదుతూ, "తియ్యండ్రా! కొవ్వొత్తికంట! తియ్యండి!" అని అరుస్తూ. వరస మొత్తం పక్కకి ఒదిగింది. ముద్ర వేసే కుర్ర అధికారి కూడా పాస్‌పోర్టులు తిరగేస్తూ తల ఎత్తకుండానే, "మెల్లగా పోనీండి, వంతెన మీద జారుతోంది," అని మాత్రం అన్నాడు.

లుంకాలో ఆ ఇంటి ముందు బండి ఆగేసరికి ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంది. బండి పూర్తిగా ఆగకముందే అగాఫియా దూకేసింది. ట్రోఫిమ్ ఆమె పెట్టె పట్టుకుని వెనకే నడిచాడు. గుమ్మం దగ్గర పెట్టేసి పోదామనుకున్నాడు.

పొయ్యి పక్కన మంచం. దాని మీద పరస్కీవా పిడికెడంత అయిపోయి ఉంది. తలకి శుభ్రమైన కొత్త రుమాలు కట్టారు. పక్కన పీట మీద సగం కరిగిన కొవ్వొత్తి, దాని పక్కన అగ్గిపెట్టె.

"వచ్చావా," అంది.

"వచ్చానమ్మా." అగాఫియా కోటు కూడా విప్పకుండా మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నా తిన్నావా దారిలో?"

"తిన్నానమ్మా."

పరస్కీవా కూతురి మొహం వంక కాసేపు చూసింది. "తినలేదు," అంది. "జినైదా, దానికి పులుసు వెయ్యి. ఆ డ్రైవరేడీ?"

ట్రోఫిమ్ గుమ్మంలోంచి రెండడుగులు లోపలికి వేశాడు. బూట్ల మంచు నేల మీద కరుగుతోంటే సిగ్గుపడ్డాడు.

"వంతెన అన్నప్పుడు ఎక్కడున్నావురా? నిజం చెప్పు. చచ్చేదాని ముందు దాచకు."

"రోమన్‌లో అవ్వా. పెట్రోలు బంకు దగ్గర."

ముసలామె మొహం వెలిగింది. "చెప్పానా," అంది జినైదా వంక తిరిగి. ఆ ఒక్క మాట కోసమే దాచుకున్నట్టుంది మిగిలిన ఓపికంతా. ఆ తర్వాత గొంతు అడుక్కి పోయింది.

"ఇంక నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళనమ్మా," అంటోంది అగాఫియా, ఏడుపుతో మాట సరిగా రాకుండా. "ఈసారి నిజంగానే. నమ్మమ్మా."

"నమ్ముతాలే. ఈసారి వెళ్ళేది నేను కదా." వేళ్ళు పీట వైపు కదిలాయి. "వెలిగించు. చీకటి పడుతోంది."

సగం కరిగిన కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. అగాఫియా దాన్ని తల్లి చేతిలో పెట్టి, ఆ చెయ్యి మీద తన రెండు చేతులూ మూసింది. మైనం కారి వేళ్ళ మీద పడుతున్నా తియ్యలేదు. ట్రోఫిమ్ టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుని, చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాడు. కాసేపటికి లోపల జినైదా ప్రార్థన మొదలుపెట్టింది. అది ఎప్పుడు చదివే ప్రార్థనో అతనికి తెలుసు.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చోగానే నడుము, మోకాళ్ళు, మెడ, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. బండిలో సావా ఎవరికో ఫోనులో ఏదో ఊరు చెబుతున్నాడు. ఇంకా పంచాల్సిన పార్సిళ్ళు బండి నిండా ఉన్నాయి.

జేబులో అతని ఫోను మోగింది. హించేష్ట్ దగ్గరి ఊళ్ళో ఉండే ఒకామె. ఇటలీ నుంచి అక్క పంపిన సంచీ రావాలి.

"ఎక్కడున్నావు ట్రోఫిమ్ అన్నా? పొద్దున్నుంచీ చూసి చూసి కళ్ళు కాయలు కాస్తున్నాయి."

"లుంకాలో ఉన్నానమ్మా," అన్నాడు ట్రోఫిమ్.

"ఓ, ఇంకా వంతెన దగ్గరేనా!" అంది ఆమె తేలిగ్గా. "అయితే ఇంకో గంటకి గాని రావు. సరే, ఈలోపు ఆవుకి మేత వేసి వస్తాలే." ఫోను పెట్టేసింది.

అతను ఆమెని సరిదిద్దలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి అతనికి ఒక గంట ఎక్కడి నుంచో ఊరికే దొరికింది. లోపల కొవ్వొత్తి ఇంకా ఆరలేదు. దాని వెలుగు కిటికీలోంచి అతని బూట్ల మీద పడుతోంది. ఆ గంటసేపూ అతను ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.